పాత పాట, ముగ్గురి వాద్యం: ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’పై పాఠకుల ప్రశ్నలు

బిల్ ఎవాన్స్ (పియానో), స్కాట్ లఫారో (డబుల్ బేస్), పాల్ మోషన్ (డ్రమ్స్) కలిసి 1959 డిసెంబరు 28న న్యూయార్క్‌లో ‘రివర్‌సైడ్’ సంస్థ కోసం రికార్డు చేసిన ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’ ఆల్బమ్‌ను ఈ శీర్షికలో ఇదివరకు పరిచయం చేశాం. దానిని విన్న పాఠకులు రాసిన ఉత్తరాలలో తరచుగా కనిపించిన ప్రశ్నలకు ఈసారి సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం అంతకుముందే ఎందరో పాడిన పాటలేనని రాశారు. మొదటి నిమిషంలో ఆ పాట స్పష్టంగా వినిపిస్తోంది. ఆ తర్వాత దాని ఆనవాలు కూడా నాకు దొరకడం లేదు. మళ్లీ చివరలో ఉన్నట్టుండి పాట వచ్చేస్తోంది. మధ్యలో వాళ్లు తోచినది వాయిస్తున్నారా, లేక దానికి ఏదైనా నియమం ఉందా?

జవాబు: నియమం ఉంది, అది చాలా కచ్చితమైనది కూడా. మీకు పాట మాయమైనట్లు అనిపించిన ఆ మధ్యభాగంలో నిజానికి మాయమైనది పాట వరుస, అంటే బాణీ, మాత్రమే. దాని కట్టడం మొదటి నుంచి చివరి వరకు ఒక్క క్షణం కూడా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

జాజ్‌లో ‘స్టాండర్డ్స్’ అని పిలిచే పాటల్లో చాలావరకు 1920ల నుంచి 1950ల వరకు అమెరికాలో బ్రాడ్‌వే సంగీత నాటకాల కోసం, సినిమాల కోసం పుట్టినవి. ఈ ఆల్బమ్‌లో ఉన్న ‘వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ లవ్’ కోల్ పోర్టర్ 1929లో రాసినది. ‘స్ప్రింగ్ ఈజ్ హియర్’ 1938లో రిచర్డ్ రాడ్జర్స్, లొరెంజ్ హార్ట్ ఒక సంగీత నాటకం కోసం చేసినది. ‘సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్’ 1937లో డిస్నీ సంస్థ తీసిన ‘స్నో వైట్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్’ చిత్రంలోని పాట. ‘ఆటమ్ లీవ్స్’ మాత్రం అమెరికాలో పుట్టలేదు. జోసెఫ్ కోస్మా స్వరపరచిన ఫ్రెంచి పాటకు జానీ మెర్సర్ ఇంగ్లీషు సాహిత్యం సమకూర్చిన తర్వాత అది జాజ్ వాద్యకారుల చేతికి వచ్చింది. ఆల్బమ్‌లోని తొమ్మిది అంశాలలో ఏడు ఇటువంటివే. ‘పెరీస్ స్కోప్’ ఎవాన్స్ సొంత రచన; ‘బ్లూ ఇన్ గ్రీన్’ అదే ఏడాది ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదట వినిపించిన రచన.

ఈ పాటల్లో అత్యధికం ముప్ఫై రెండు బార్‌ల నిడివిలో ఉంటాయి. బార్ అంటే లయను కొలిచే చిన్న ఖండం; ఒక్కో బార్‌లో సాధారణంగా నాలుగు బీట్‌లు, అంటే నాలుగు లయ దెబ్బలు, ఉంటాయి. పాట వరుస కింద, ఏ బార్‌లో ఏ కార్డ్ మోగాలో, అంటే ఏ స్వరాల గుచ్ఛం కలిసి వినిపించాలో, ముందుగానే నిర్ణయమై ఉంటుంది. ముప్ఫై రెండు బార్‌లు ఒకసారి పూర్తయితే దానిని ఒక ‘కోరస్’ అంటారు. మొదటి కోరస్‌లో పాటను పాటగా వాయిస్తారు. ఆ తర్వాతి కోరస్‌లలో వరుసను పక్కన పెట్టి, అవే బార్‌లు, అవే స్వరగుచ్ఛాల మీద అప్పటికప్పుడు కొత్త వరుసలు అల్లుతారు. చివరి కోరస్‌లో పాటకు తిరిగి వస్తారు. మీకు ‘ఉన్నట్టుండి’ వచ్చినట్లు అనిపించిన పాట, ఆ ముగ్గురూ ప్రతి బార్‌నూ లెక్క తప్పకుండా అనుసరిస్తూ వచ్చినందువల్లే సరిగ్గా తన చోట వచ్చింది.

మన సంగీతం వినే అలవాటు ఉన్నవారికి నెరవలు గుర్తుకు రావచ్చు. అక్కడ సాహిత్యపు పాదం, తాళంలో దాని స్థానం నిలిచి ఉండగా విద్వాంసుడు మనోధర్మంతో, అంటే అప్పటికప్పుడు చేసే కల్పనతో, దాని చుట్టూ సంగతులు పెంచుతాడు. జాజ్‌లో నిలిచి ఉండేది సాహిత్యం కాదు, రాగమూ కాదు, స్వరగుచ్ఛాల వరుసక్రమం. ఈ ఒక్క తేడా పట్టుకోకపోతే ఎంత అనుభవం ఉన్న శ్రోతకైనా జాజ్ దారి తప్పినట్లే వినిపిస్తుంది, ఎందుకంటే అతని చెవి ఒక రాగపు స్వరాలు స్థిరంగా ఉంటాయని ఎదురుచూస్తూ ఉంటుంది, ఇక్కడేమో రెండేసి బార్‌లకు, కొన్నిచోట్ల రెండేసి బీట్‌లకే ఆధారం మారిపోతూ ఉంటుంది.

అందువల్ల మీకు నా సలహా ఒకటే. ‘ఆటమ్ లీవ్స్’ తీసుకోండి. ఆ పాట వరుసను ముందు ఎవరైనా గాయకుల గొంతులో విని, తడుముకోకుండా కూనిరాగం తీయగలిగే వరకు నేర్చుకోండి. ఎనిమిదేసి బార్‌ల చొప్పున నాలుగు భాగాలు. మొదటి రెండు భాగాల వరుస ఒకటే, మూడవది, నాలుగవది వేరు. ఆ తర్వాత ఎవాన్స్ పియానో మనోధర్మంగా సాగుతున్నప్పుడు మీరు మనసులో అసలు పాటను అదే వేగంతో పాడుకుంటూ ఉండండి. పాట మూడవ భాగంలోకి మీరు అడుగుపెట్టిన చోటే పియానో కూడా మలుపు తిరగడం మీకు వినిపిస్తుంది. అది ఒక్కసారి వినిపించిన తర్వాత మధ్యభాగం మీకు ఇంకెప్పుడూ అయోమయంగా అనిపించదని గట్టిగా చెప్పగలను.

ప్రశ్న: బేస్ వాయించేవారు లయను నిలబెట్టాలని ఎక్కడో చదివాను. ఇందులో మాత్రం బేస్ కొన్నిచోట్ల పియానో మాటకు అడ్డుపడుతున్నట్లు ఉంది. ‘ముగ్గురూ సమానులు’ అని ఈ త్రయాన్ని పొగడడానికి కారణం ఇదేనా?

జవాబు: ఇదే. మీ చెవి సరైన చోటే ఆగింది.

పియానో, బేస్, డ్రమ్స్ కలిసిన త్రయం జాజ్‌లో మొదటి నుంచీ ఉన్న స్థిరమైన రూపం కాదు. 1940లలో పేరు పొందిన నాట్ కింగ్ కోల్ త్రయంలోనూ, ఆర్ట్ టేటమ్ త్రయంలోనూ డ్రమ్స్ బదులు గిటార్ ఉండేది. బడ్ పావెల్ తరం పియానిస్టులతో డ్రమ్స్ ఉన్న త్రయం బలపడింది. ఆ పద్ధతిలో పియానో ముందు నడుస్తుంది, బేస్ ప్రతి బీట్‌కు ఒక స్వరం చొప్పున నడక సాగిస్తుంది, డ్రమ్మర్ రైడ్ సింబల్ అనే పెద్ద లోహపు పళ్లెం మీద లయను ఆపకుండా నిలుపుతాడు. బేస్ సాగించే ఆ నడకనే ‘వాకింగ్ బేస్’ అంటారు. ఇది తక్కువ రకం పని ఏమీ కాదు. పియానిస్టు రెడ్ గార్లండ్ 1956లో పాల్ చేంబర్స్ (బేస్), ఆర్ట్ టేలర్ (డ్రమ్స్)లతో చేసిన ‘ఎ గార్లండ్ ఆఫ్ రెడ్’ వింటే ఆ నడకలోని హాయి ఎంత గొప్పదో తెలుస్తుంది.

ఎవాన్స్ ఆశించినది వేరు. ఒకరు వాయించి ముగించాక మరొకరు అందుకోవడం కాకుండా, ముగ్గురూ ఒకేసారి మనోధర్మంగా సాగే దిశలో తన త్రయం పెరగాలని ఆయన బాహాటంగానే చెప్పుకున్నాడు. అయితే ఆశయం చెప్పుకున్నంత మాత్రాన అది సంగీతంలోకి రాదు, దానికి వాద్యంలోనే చోటు కల్పించాలి. ఎవాన్స్ ఎడమచేత్తో స్వరగుచ్ఛాలు పలికించేటప్పుడు వాటి అడుగున ఉండవలసిన మూలస్వరాన్ని తరచుగా వదిలేసేవాడు. పియానో కింది స్థాయి అలా ఖాళీ కావడంతో అక్కడ బేస్‌కు స్వేచ్ఛ దొరికింది. లఫారో ఆ ఖాళీని మూలస్వరంతో నింపి ఊరుకోలేదు. ఆయన వేళ్లలో అసాధారణమైన వేగం ఉంది. పెద్ద వాద్యమైన డబుల్ బేస్ మీద పై స్థాయిలో గిటార్ వంటి చురుకుతో వరుసలు పలికించగలడు. కాబట్టి ప్రతి బీట్‌నూ చెప్పడం మానేసి, పియానో వాక్యానికి జవాబు చెప్పడం, కొన్నిచోట్ల ఆ వాక్యం ముగియకముందే కొత్తది ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. మోషన్ కూడా అదే తీరులో లయను ప్రతి బీట్‌లోనూ నొక్కి చెప్పకుండా, అది ముగ్గురి లోపలా నడుస్తూనే ఉందన్న నమ్మకంతో వాయించాడు.

‘ఆటమ్ లీవ్స్’లో పాట పూర్తయిన వెంటనే వచ్చే భాగాన్ని గమనించండి. మామూలుగా అయితే అక్కడ పియానో సోలో, అంటే పియానో ముందుండి ఒంటరిగా అల్లే భాగం, మొదలవ్వాలి. ఇక్కడ బేస్ మాట ఎత్తుకుంటుంది, పియానో చిన్న చిన్న ముక్కలతో బదులిస్తుంది, డ్రమ్స్ మధ్యమధ్య చేరి తప్పుకుంటాయి. నాలుగు బీట్‌ల నడకను అక్కడ ఎవరూ బయటకు చెప్పడం లేదు. అయినా ముప్ఫై రెండు బార్‌ల చట్రం చెదరదు. కొంతసేపటికి బేస్, డ్రమ్స్ కలిసి నడకలోకి దిగగానే పియానో ఒక్కసారిగా పరుగెత్తుతుంది. అప్పుడు శ్రోతకు కలిగే ఆనందం మామూలు నడకతో మొదలైన సోలోలో కలగదు. ఎందుకంటే ఆ నడక కోసం మనం ఎంతోసేపు, మనకే తెలియకుండా, ఎదురుచూసి ఉంటాం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ముగ్గురి సమానత్వం ఈ ఆల్బమ్ అంతటా ఇదే స్థాయిలో లేదు. చాలా అంశాలలో బేస్, డ్రమ్స్ తమ సంప్రదాయమైన పనినే, చాలా అందంగా, చేస్తున్నాయి. ఈ ఆల్బమ్ మొదలైన చోటును చూపుతుంది, చేరిన చోటును కాదు. నాకు ఇది లోపంగా తోచలేదు. పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే రోజున, ఒకే ముగ్గురి చేతుల్లో, పక్కపక్కనే వినిపించడం వల్లనే మార్పు ఏమిటో కొత్త శ్రోతకు కూడా అర్థమవుతుంది.

ప్రశ్న: నా దగ్గర ఉన్న సీడీలో ‘ఆటమ్ లీవ్స్’ వరుసగా రెండుసార్లు ఉంది. ఇది పొరపాటా? రెండూ వినాలా?

జవాబు: పొరపాటు కాదు. అవి ఒకే రోజున వాయించిన రెండు వేర్వేరు టేక్‌లు, అంటే అదే పాటను మొదటి నుంచి మళ్లీ వాయించి చేసిన రికార్డింగులు. ఒకటి స్టీరియోలో (ఎడమ, కుడి వైపులకు వేర్వేరుగా వినిపించే ధ్వని) ఉంది, మరొకటి మోనోలో (ఒకే ధారగా వినిపించే ధ్వని). అప్పట్లో స్టీరియో ఎల్‌పీలు మార్కెట్‌లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు, సంస్థలు ఒకే ఆల్బమ్‌ను రెండు రూపాల్లోనూ విడుదల చేస్తుండేవి. తర్వాత వచ్చిన సీడీలలో రెండు టేక్‌లనూ చేర్చారు.

తప్పకుండా రెండూ వినండి, అయితే వెంటవెంటనే కాదు. మొదటి దానితో నాలుగైదు రోజులు గడిపి, అది కొంత జ్ఞాపకంలో నిలిచాక రెండవది వినండి. ముందే అనుకున్న భాగాలు, అంటే ఆరంభం, పాట, ముగింపు, దాదాపుగా ఒకేలా ఉంటాయి. వాటి మధ్య ఉన్నది మాత్రం మొత్తం మళ్లీ పుట్టినదే. మొదటి టేక్‌లో మీకు బాగా నచ్చిన పదబంధం రెండవ దానిలో రాదు, దాని చోట మరొకటి వస్తుంది. మనోధర్మం అంటే ఏమిటో వ్యాసాలు రాసి వివరించడం కంటే ఈ రెండు టేక్‌లను వినిపించడం మేలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ప్రశ్న: ఇవి పాటలు కదా, సాహిత్యం తెలియకుండా వింటే నష్టమా?

జవాబు: వరుస తెలియకపోతే నష్టం, సాహిత్యం తెలియకపోతే అంతగా లేదు. వేగం తగ్గిన పాటల విషయంలో మాత్రం, అది ఎడబాటు పాటో, ఎదురుచూపు పాటో తెలిసి ఉంటే ఎవాన్స్ ఒక స్వరాన్ని ఎందుకు అంతసేపు నిలిపాడో అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

ప్రశ్న: వేగంగా సాగే అంశాలు నచ్చాయి. ‘వెన్ ఐ ఫాల్ ఇన్ లవ్’, ‘స్ప్రింగ్ ఈజ్ హియర్’ దగ్గరకు వచ్చేసరికి ఏమీ జరగడం లేదనిపిస్తోంది. వీటిలో వినవలసింది ఏమిటి?

జవాబు: ఇలాంటి పాటలలో ఎవాన్స్ వరుసను పెద్దగా మార్చడు. మారేది దాని కింద ఉన్న ఆధారం. ఒకే స్వరం కింద వేరే స్వరగుచ్ఛం వస్తే, ఆ స్వరానికి వేరే భావం వస్తుంది. ఇది పట్టుకోవడానికి మీరు నెమ్మదిగా ఉన్న పాటల కంటే ముందు ఆల్బమ్‌లోని మొదటి అంశం ‘కమ్ రెయిన్ ఆర్ కమ్ షైన్’ వినండి. హెరాల్డ్ ఆర్లెన్ స్వరపరచిన ఆ పాట ఎత్తుగడలోనే ఒకే స్వరం పదేపదే మోగుతుంది. వరుస ఇంత నిశ్చలంగా ఉన్నప్పుడు పాటను నడిపే బాధ్యత పూర్తిగా స్వరగుచ్ఛాల మీద పడుతుంది. పైన అదే స్వరం నిలిచి ఉండగా కింద రంగులు ఎలా మారుతున్నాయో గమనించిన తర్వాత ‘స్ప్రింగ్ ఈజ్ హియర్’కు తిరిగి వెళ్లండి. అక్కడ అదే పని ఇంకా నిదానంగా, ఇంకా లోతుగా జరుగుతోంది.

ఇటువంటి అంశాలలో డ్రమ్మర్ కర్రలకు బదులు బ్రష్‌లు పట్టుకుంటాడు. సన్నని తీగల కుచ్చు వంటి ఆ బ్రష్‌ను డ్రమ్ చర్మం మీద కొట్టడం కన్నా రుద్దడమే ఎక్కువ. ఆ మెత్తని రాపిడి శబ్దం ఆగకుండా సాగుతూ, పియానో స్వరం సన్నగిల్లే చోట కూడా లయను నిలిపి ఉంచుతుంది. చిన్న స్పీకర్‌లో ఇది దాదాపు వినిపించదు. ఏమీ జరగడం లేదని మీకు అనిపించడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. మంచి హెడ్‌ఫోన్‌లతో ఒకసారి విని చూడండి.

ప్రశ్న: ఈ ముగ్గురూ క్లబ్‌లో శ్రోతల ముందు వాయించిన రికార్డింగులే గొప్పవని అందరూ అంటారు. అటువంటప్పుడు స్టూడియో ఆల్బమ్‌తో మొదలుపెట్టమని మీరు ఎందుకు సూచించారు?

జవాబు: ఆ మాట అనేవారు చెప్పేది నిజమే. 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో ఈ త్రయం వాయించినది ‘సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’, ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ అనే ఆల్బమ్‌లుగా వచ్చింది. ముగ్గురి మధ్య సంభాషణ అక్కడ చేరుకున్న స్థాయిని జాజ్ పియానో త్రయాలు నేటికీ కొలమానంగా పెట్టుకుంటున్నాయి. సరిగ్గా పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో మరణించాడు. ఆయన వయసు అప్పటికి ఇరవై ఐదేళ్లు. ఎవాన్స్ ఆ దెబ్బతో కొన్ని నెలల పాటు బహిరంగంగా వాయించడమే మానేశాడు. ఈ కథ తెలిసిన శ్రోతకు ఆ క్లబ్ రికార్డింగుల మీద మరింత ప్రేమ కలగడం సహజం.

అయినా కొత్తగా వినేవారిని నేను స్టూడియోకే తీసుకువెళ్తాను. స్టూడియోలో అంశాలు కుదించినట్లు ఉంటాయి, ఎక్కువభాగం ఆరు నిమిషాలు దాటవు, కనుక పాట ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి వచ్చిందో మనసులో పట్టుకోవడం సులువు. పైగా స్టూడియో అన్నంత మాత్రాన అది ముక్కలుగా అతికించిన సంగీతం అనుకోవద్దు. ఆ కాలపు జాజ్ ఆల్బమ్‌లలో వాద్యకారులందరూ ఒకే గదిలో, ఒకేసారి వాయించేవారు. ఒకరి భాగాన్ని తర్వాత విడిగా చేర్చడం సాధారణం కాదు. ఈ ఆల్బమ్ మొత్తం ఒకే రోజున పూర్తయింది. నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ పని మంచి టేక్‌ను ఎంచడమే గాని, తర్వాత మెరుగులు దిద్దడం కాదు. శ్రోతల చప్పట్లు, గ్లాసుల చప్పుడు లేవన్నదే తప్ప, అప్పటికప్పుడు పుట్టే సంగీతంలోని సాహసం అంతా ఇందులోనూ ఉంది.

ఈ ముగ్గురూ కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్‌లు రెండే. రెండవది 1961 ఫిబ్రవరి 2న రికార్డయిన ‘ఎక్స్‌ప్లొరేషన్స్’. దానిని విన్న తర్వాత క్లబ్ రికార్డింగులకు వెళ్తే, పద్దెనిమిది నెలలలో ముగ్గురు మనుషులు ఒకరినొకరు వినడం ఎంత దూరం నేర్చుకున్నారో వరుసక్రమంలో తెలుస్తుంది. ఆ క్రమాన్ని తలకిందులు చేయడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: ఎవాన్స్ కాకుండా, ఇదే పద్ధతిలో పాత పాటలతో చేసిన మరో స్టూడియో ఆల్బమ్ ఒకటి చెప్పండి. ఎక్కువ పేర్లు వద్దు.

జవాబు: పియానిస్టు కీత్ జారెట్ ‘స్టాండర్డ్స్, వాల్యూమ్ 1’. బేస్ గ్యారీ పీకాక్, డ్రమ్స్ జాక్ డిజానెట్. 1983 జనవరిలో న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో, ‘ఈసీఎమ్’ సంస్థ కోసం, మాన్‌ఫ్రెడ్ ఐఖర్ నిర్మాతగా రికార్డయింది. ఆ ఒక్క విడత రికార్డింగులోనే మూడు ఆల్బమ్‌లకు సరిపడే సంగీతం సిద్ధమైంది. జారెట్ అప్పటికి తానే అప్పటికప్పుడు సృష్టించే సుదీర్ఘమైన ఏకాంత పియానో కచేరీలకు ప్రసిద్ధుడు. అటువంటివాడు అందరికీ తెలిసిన పాటల వైపు తిరగడం ఆ రోజుల్లో చాలామందికి వెనకడుగుగా కనిపించింది. ఈ ముగ్గురూ ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ప్రధానంగా ఆ పాటల మీదనే పని చేశారు.

ఇందులో అయిదు అంశాలే ఉన్నాయి. ‘ఆల్ ద థింగ్స్ యు ఆర్’తో మొదలుపెట్టండి. జెరోమ్ కెర్న్ 1939లో స్వరపరచిన ఈ పాట మామూలు ముప్ఫై రెండు బార్‌లకు లొంగదు. ముప్ఫై ఆరు బార్‌లు ఉంటుంది, వాటిలోనే ఆధారశ్రుతి పలుమార్లు మారుతుంది. పైన మొదటి జవాబులో చెప్పినట్లు పాటను మనసులో పాడుకుంటూ వినే పద్ధతికి ఇది గట్టి పరీక్ష. చివరన ఉన్న ‘గాడ్ బ్లెస్ ద చైల్డ్’ పదిహేను నిమిషాలు దాటుతుంది. గాయని బిల్లీ హాలిడే పాటగా పేరుపడ్డ ఆ నిదానమైన రచనను ఈ ముగ్గురూ బరువైన, స్థిరమైన లయ మీద నిలిపి, తొందర లేకుండా పెంచుకుంటూ పోతారు.

జారెట్ వాయిస్తూ తనలో తాను గొంతెత్తి పాడుకుంటాడు, అది రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. కొందరికి ఇది భరించరానిది. మొదటిసారి మీకూ ఇబ్బందిగా ఉంటే ఆల్బమ్‌ను పక్కన పెట్టేయకుండా మరొక్కసారి వినమని కోరుతున్నాను. ఆ గొంతు పియానో కంటే ఒక రవ్వ ముందు నడిచే చోట్లు ఉన్నాయి, అక్కడ తర్వాతి పదబంధం ఆయన వేళ్ల దాకా రాకముందే మనకు చేరుతుంది.